పాత కారుకు సొట్ట పడితే ముందు నంబర్ ప్లేట్ విప్పి చూడండి

మీ పరిస్థితి నాకు అర్థమైంది ఇదీ. 18 ఏళ్ల కారు, రివర్స్ చేస్తుంటే వెనక కుడి మూల స్తంభానికి తగిలింది. చక్రం పైన అరచేయంత సొట్ట, దాని మధ్యలో పెయింట్ లేచిపోయి ఎర్రగా తుప్పు మొదలైంది. బంపర్ మీద గీతలు. డిక్కీ మీద నంబర్ ప్లేట్ ఒక్క స్క్రూ మీద వేలాడుతోంది, రెండో వైపు రంధ్రం పెద్దదైపోయి స్క్రూ తిరుగుతూనే ఉంది తప్ప పట్టడం లేదు. షెడ్డుకు తీసుకెళ్తే ఆ ప్యానెల్ మార్చేసి కారంతా పెయింట్ వేయాలన్నారు. ఇంట్లో చేసుకోవచ్చా, సొట్ట ఎలా తీయాలి అని అడిగారు. ప్లేట్ సంగతి చివర్లో ఒక్క మాటగా రాశారు.

చేసుకోవచ్చు. కానీ నేనైతే ఆ చివర్లో రాసిన దానితోనే మొదలుపెడతాను.

ఎందుకంటే పాత కారు విషయంలో సొట్ట అనేది చూపుకు సంబంధించిన సమస్య, తెరుచుకున్న ఇనుము మాత్రం కారు ఆయుష్షుకు సంబంధించిన సమస్య. పెయింట్ చెదరని సొట్టను మీరు పదేళ్లు అలాగే వదిలేసినా దానికేమీ కాదు. పెయింట్ పోయిన చోట, అది గోరంత ఉన్నా సరే, నీళ్లూ గాలీ కలిసి పని మొదలుపెట్టేస్తాయి. మీ కారు మీద అలాంటి చోట్లు రెండున్నాయి. ఒకటి మీకు కనిపిస్తున్న ఎర్ర మచ్చ. రెండోది ఆ అరిగిపోయిన స్క్రూ రంధ్రం, దాని అంచుల్లో పెయింట్ ఏనాడో పోయి ఉంటుంది, ప్లేట్ వెనక ఎండ తగలదు, మట్టి పేరుకుని తడి ఆరదు, పైగా ఊగే ప్లేట్ చుట్టూ ఉన్న పెయింట్‌ను రాపాడుతూ ఉంటుంది. ఆ రంధ్రంలోంచి నీళ్లు డిక్కీ తలుపు లోపలికి కూడా దిగుతాయి. డిక్కీ కార్పెట్ ఎప్పుడూ చెమ్మగా ఉంటోందని డిక్కీ చుట్టూ ఉండే రబ్బరు రెండుసార్లు మార్పించినవాళ్లను చూశాను, చివరికి చూస్తే నీళ్లు వస్తున్నది నంబర్ ప్లేట్ స్క్రూ రంధ్రాల్లోంచి.

ప్యానెల్ మార్చడం గురించి కూడా ముందే చెప్పేస్తాను, దాని మీద మీకు టెన్షన్ ఉన్నట్టుంది. ముందు చక్రం పైన ఉండే ఫెండర్ అయితే మామూలుగా బోల్టులతో ఉంటుంది, విప్పి కొత్తది బిగించొచ్చు. వెనక చక్రం పైన ఉండే ప్యానెల్ చాలా కార్లలో బాడీకి వెల్డింగ్ చేసి ఉంటుంది. అది మార్చాలంటే ఫ్యాక్టరీ వెల్డింగులు తెంచి, కోసి, మళ్లీ అతకాలి. ఎంత మంచి పనివాడు చేసినా ఆ కొత్త అతుకుల లోపలి వైపు ఫ్యాక్టరీలో తుప్పు పట్టనివ్వని ప్రైమర్‌లో ముంచి తీసినంత రక్షణ రాదు. అరచేయంత సొట్ట కోసం 18 ఏళ్ల కారును కోయించడం నాకైతే ఇష్టం ఉండదు. అవసరమైన సందర్భం ఒక్కటే, ఇనుము చిల్లు పడి ఉంటే. అది ఎలా తెలుసుకోవాలో కింద చెప్తాను.

ఇక ప్లేట్ దగ్గరికి వద్దాం. విప్పే ముందు ఒక జాగ్రత్త. కొన్ని చోట్ల ప్లేట్లను ఒక్కసారి మాత్రమే వాడే తాళపు రివెట్లతో బిగిస్తారు, వాటిని అనుమతి ఉన్నవాళ్లే తీసి మళ్లీ వేయాలి. మీది అలాంటిదైతే దాన్ని తెంచకండి, అక్కడికే తీసుకెళ్లి విప్పించి అదే రోజు రంధ్రం పని కూడా చేయించుకోండి. మామూలు స్క్రూలైతే మీరే తీయొచ్చు. ప్లేట్ లేకుండా మాత్రం కారు రోడ్డెక్కించకండి, కాబట్టి పనంతా కారు కదలాల్సిన అవసరం లేని రోజున పెట్టుకోండి.

మిగిలిన ఆ ఒక్క స్క్రూ తుప్పుపట్టి ఉంటుంది, బలవంతంగా తిప్పితే తల అరిగిపోతుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. పొద్దున సరిగ్గా సరిపోయే స్క్రూ డ్రైవర్‌తో గట్టిగా నొక్కి పట్టి, ముందు పిసరంత బిగించే వైపు తిప్పండి, తర్వాత విప్పే వైపు. వింతగా అనిపించొచ్చు కానీ తుప్పు పట్టు విడిపోవడానికి ఇది బాగా పనిచేస్తుంది. అప్పటికీ రాకపోతే స్క్రూ కాడ కన్నా కొంచెం లావు డ్రిల్ బిట్‌తో తల మధ్యలో నెమ్మదిగా డ్రిల్ చేయండి, తల ఊడి వస్తుంది, ప్లేట్ చేతికొస్తుంది, మిగిలిన కాడను ప్లయర్‌తో పట్టుకుని తిప్పేయొచ్చు.

డ్రిల్ పట్టుకునే ముందు డిక్కీ తలుపు లోపలి ప్లాస్టిక్ కవర్ తీసి వెనక ఏముందో చూడండి. ప్లేట్ లైటు వైర్లు, తాళం కడ్డీలు సరిగ్గా అక్కడే వెళ్తుంటాయి. డ్రిల్ బిట్‌కు కొస నుంచి ఒక సెంటీమీటరు దూరంలో టేపు చుట్టుకుంటే ఎక్కువ లోపలికి పోకుండా గుర్తుగా ఉంటుంది. పని అయ్యాక లోపల పడ్డ ఇనుప రజను మొత్తం వాక్యూమ్‌తో తీసేయాలి. ఆ రజను తలుపు అడుగున పడి తడిస్తే అదే కొత్త తుప్పుకు మూలం అవుతుంది. చాలామంది ఇది వదిలేస్తారు.

ప్లేట్ వచ్చాక ఆ చోటు కడిగి, ఆరనిచ్చి, రంధ్రం అంచుని చూడండి. పై పైన తుప్పు ఉంటే గుండ్రటి ఆకురాయితోనో చుట్టిన ఎమరీ పేపర్‌తోనో మెరిసే ఇనుము కనిపించేదాకా శుభ్రం చేయండి. పెద్దదైన రంధ్రంలో లావు స్క్రూ దూర్చడం అందరూ చేసే పనే, అది కొన్నాళ్లు పట్టి మళ్లీ రేకును కోసేస్తుంది. దానికి బదులు నైలాన్ నట్టు వాడండి. రంధ్రంలోకి తోస్తే కూర్చుంటుంది, స్క్రూ ఎక్కించినప్పుడు లోపల వ్యాకోచించి బిగుసుకుంటుంది. స్క్రూ ఇనుప రేకును తాకదు, రాపిడి ఉండదు, నీళ్లు కూడా చాలావరకు ఆగుతాయి. మీ రంధ్రం ఎంత ఉందో కొలిచి దానికన్నా ఒక సైజు పెద్ద నట్టు తెచ్చుకుని, ఆ సైజుకు రంధ్రాన్ని చక్కగా పెంచి, అంచుకు సన్నటి బ్రష్‌తో ప్రైమర్, దాని మీద కారు రంగు వేసి, పూర్తిగా ఆరాకే నట్టు పెట్టాలి. ఈ ప్రైమర్ వేయడం అనేదే అసలు పని, మిగతాదంతా బిగింపు.

పాత రంధ్రం పక్కనే కొత్తది వేయాలనే ఆలోచన వస్తుంది, వద్దు. రెండు రంధ్రాల మధ్య మిగిలే సన్నటి రేకు బలహీనంగా ఉంటుంది, తెరుచుకున్న అంచులు రెట్టింపవుతాయి. రంధ్రం మరీ చెడిపోయి ఉంటే దాన్ని వెనక నుంచి చిన్న రేకు ముక్కతో, ఎపాక్సీ జిగురుతో మూసేసి, వేరే చోట రంధ్రాలున్న బిగింపు ఫ్రేమ్ వాడటం మేలు. ఆ ఫ్రేమ్ అంచులు మాత్రం అక్షరాలను కప్పకూడదు.

స్క్రూల విషయం. మామూలు ఇనుప స్క్రూలు వాడకండి, ఏడాదిలో ప్లేట్ మీద గోధుమరంగు చారలు కారుతాయి. స్టెయిన్‌లెస్ మంచిదే, అయితే స్టెయిన్‌లెస్‌ను నేరుగా పెయింట్ పోయిన ఇనుములోకి ఎక్కిస్తే, తడి తగిలినప్పుడు స్టెయిన్‌లెస్ బాగానే ఉండి పక్కనున్న ఇనుము త్వరగా తినేయబడుతుంది. రెండు వేర్వేరు లోహాలు తడిలో కలిస్తే జరిగేది అదే. ప్లేట్ అల్యూమినియం అయితే మూడో లోహం కూడా చేరినట్టే. అందుకే నైలాన్ నట్టు, స్క్రూ తల కింద నైలాన్ వాషర్. ప్లేట్ వెనక నాలుగు మూలల్లో చిన్న ఫోమ్ ముక్కలు అతికించండి, డిక్కీ వేసినప్పుడు వచ్చే గలగల పోతుంది, ప్లేట్‌కీ బాడీకీ మధ్య గాలి ఆడి తడి ఆరుతుంది. బిగించేటప్పుడు ప్లేట్ వంగేంత బిగించక్కర్లేదు.

డబుల్ టేపుతో అతికించేస్తే రంధ్రాలే అక్కర్లేదు కదా అని అడిగేవాళ్లున్నారు. కార్ల కోసం చేసే యాక్రిలిక్ ఫోమ్ టేపు నిజంగానే గట్టిది. ఉపరితలాన్ని ఆల్కహాల్‌తో తుడిచి, చలి లేని వేళ, గట్టిగా నొక్కి అతికిస్తే మూడు రోజులకు పూర్తి పట్టు వస్తుంది. కానీ అది పట్టుకునేది ఇనుమును కాదు, పెయింట్‌ను. 18 ఏళ్లలో ఆ డిక్కీకి ఎవరైనా సరిగ్గా సిద్ధం చేయకుండా రెండోసారి పెయింట్ వేసి ఉంటే, ఒకరోజు ఆ పెయింట్ పొరతో సహా ప్లేట్ ఊడి దారిలో పడిపోతుంది. ప్లేట్ పోవడమంటే ఆ నంబర్‌తో ఎవరు ఏం చేస్తారోననే భయం కూడా. పాత కారుకు నేను స్క్రూలే వేస్తాను. టేపు వేస్తే ఊగకుండా ఉండటానికి మాత్రమే.

ఇప్పుడు సొట్ట. ముందు ఆ ఎర్ర మచ్చ బయటి నుంచి వచ్చిందా లోపలి నుంచా తేల్చుకోవాలి. పెయింట్ లేచిపోయిన చోట మాత్రమే తుప్పు ఉంటే బయటి నుంచి వచ్చింది, అది తేలిక. పెయింట్ కింద బుడగల్లా ఉబ్బి ఉంటే లోపలి నుంచి తినుకుంటూ వచ్చిందని అర్థం, బయట బఠాణీ గింజంత కనిపిస్తే లోపల చాలా ఎక్కువ ఉంటుంది. స్క్రూ డ్రైవర్ మొనతో తుప్పు ఉన్న చోట గట్టిగా పొడవండి. మొన దిగబడితే, లేదా పెళుసుగా విరుగుతుంటే ఇక అది ఇంటి పని కాదు, ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయాల్సిందే. తలుపుల కింద ఉండే పొడవాటి దూలం, జాకీ పెట్టే చోట్లు, సీటు బెల్టు బిగించిన చోట్లు, స్ప్రింగులు కూర్చునే చోట్లు ఇలాంటి వాటిలో చిల్లు కనిపిస్తే పుట్టీతో మూయడం గురించి ఆలోచించనే వద్దు. ప్రమాదం జరిగినప్పుడు మనుషుల్ని కాపాడేవి అవి. ఒక అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి ప్యానెల్ మీద జరుపుతూ కూడా చూడండి, పట్టు తగ్గిన చోట పాత పుట్టీ దాగుందన్నమాట.

ఒకసారి తుప్పు మీదే పుట్టీ వేసిన తప్పు నేనూ చేశాను, మొదటి కారు తలుపు కింది అంచుకి. చూడ్డానికి అద్దంలా వచ్చింది. ఆరు నెలలు తిరగకముందే అదే చోట బుడగలు లేచాయి, గీకి చూస్తే మొదట వేలెడంత ఉన్నది జానెడు అయింది. పుట్టీ తడిని పీలుస్తుంది, తుప్పుకు అంటిపెట్టుకుని ఆ తడిని అక్కడే ఉంచేస్తుంది. అప్పటినుంచి మెరిసే ఇనుము కనిపించకుండా పుట్టీ డబ్బా మూత తీయలేదు.

సొట్టను లోపలి నుంచి తోయాలి. డిక్కీ లోపలి లైనింగ్ తీస్తే చాలా కార్లలో ఆ ప్యానెల్ వెనక్కి చెయ్యి వెళ్తుంది. గుడ్డ చుట్టిన గుండ్రటి చెక్క ముక్క చాలు. మధ్యలో లోతుగా ఉన్న చోట మొదట కొట్టాలనిపిస్తుంది, అలా చేయకండి. అంచుల నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు రావాలి, దెబ్బ పడినప్పుడు రేకు ఎలా వెళ్లిందో దానికి సరిగ్గా వెనక్కి. మధ్యలో బాదితే రేకు సాగిపోతుంది, సాగిన రేకు డబ్బా మూతలా లోపలికీ బయటికీ టక్కు టక్కుమంటుంది, దాన్ని మళ్లీ సరిచేయడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. పూర్తిగా సమం చేయాలనే పట్టుదల కూడా వద్దు. ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి ఉంటే పుట్టీ కప్పేస్తుంది, బయటికి ఉబ్బిన చోటును మాత్రం ఏదీ కప్పలేదు. కళ్లను నమ్మకండి, పల్చటి గుడ్డ వేసుకున్న అరచేతిని ప్యానెల్ మీద పొడవుగా జరపండి, ఎత్తుపల్లాలు చేతికే బాగా తెలుస్తాయి.

తర్వాత తుప్పు. 80 నంబర్ ఎమరీ పేపర్‌తో మచ్చ చుట్టూ రెండు మూడు సెంటీమీటర్లు మంచి పెయింట్ ఉన్న చోటు దాకా వెళ్లి ఇనుము బయటపడేలా రుద్దండి. చిన్న చిన్న గుంటల్లో నల్లటి చుక్కలు మిగులుతాయి, వాటికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉండే రస్ట్ కన్వర్టర్ రాయండి, అది తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. డబ్బా మీద రాసినంత సేపు ఉంచి, రాసినట్టే తుడిచేయాలి, ఆమ్లం మిగిలితే పైన ప్రైమర్ సరిగ్గా పట్టదు. రుద్దిన ఇనుమును రాత్రంతా ఖాళీగా వదలకండి, గాల్లో తేమకే సన్నటి తుప్పు పొర వచ్చేస్తుంది. ఆ రోజే ఎపాక్సీ ప్రైమర్ వేసి, అది ఆరాక కొంచెం గరుకు చేసి దాని మీద పుట్టీ వేయడం నాకు నచ్చిన పద్ధతి.

పుట్టీ కలపడంలోనే సగం పనులు చెడిపోతాయి. గట్టిపరిచే పేస్టు బరువులో సుమారు 2 శాతం. ఎక్కువ వేస్తే త్వరగా అవుతుందనుకుంటారు, ఎక్కువైతే సన్నటి రంధ్రాలు పడతాయి, తర్వాత పెయింట్ మీదకు మరక కూడా తేలుతుంది. తక్కువైతే జిగురుగా మిగిలిపోతుంది. ఎర్ర పేస్టు చారలు కనిపించకుండా ఒకే రంగు వచ్చేదాకా కలపాలి, గిలక్కొట్టకుండా మడిచి నొక్కుతూ కలిపితే లోపల గాలి చేరదు. 20 డిగ్రీల వేడిలో చేతిలో ఉండే సమయం ఐదు నిమిషాలు, అటూ ఇటూ. ఎండ ఎక్కువగా ఉంటే ఇంకా తక్కువ, కాబట్టి కొంచెం కొంచెం కలుపుకోండి. పల్చటి పొరలుగా వేయండి, మొత్తం మందం 3 మిల్లీమీటర్లు దాటకుండా చూసుకోండి. అంతకన్నా కావాలంటే సొట్ట ఇంకా తీయాల్సి ఉందన్నమాట.

రుద్దేటప్పుడు ఎమరీ పేపర్‌ను చేత్తో కాకుండా చెక్క బ్లాకుకు చుట్టి రుద్దండి, వేళ్లతో రుద్దితే వేళ్ల గాడులే పడతాయి. 80, తర్వాత 180, తర్వాత 320. పుట్టీని నీళ్లతో రుద్దకండి, పీల్చుకుంటుంది. మధ్యలో ఒకసారి ముదురు రంగు స్ప్రేను దూరం నుంచి మంచులా చల్లి రుద్దితే, రంగు మిగిలిన చోటల్లా పల్లం ఉన్నట్టు. మంచి మాస్కు లేకుండా ఈ దుమ్ములో నిలబడకండి.

ప్రైమర్ రెండు మూడు పల్చటి పొరలు, ఆరాక 400 నుంచి 600 పేపర్‌తో నీళ్లు పెట్టి రుద్దొచ్చు. తర్వాత రంగు. కారు రంగు కోడు తలుపు ఫ్రేమ్ మీదో బానెట్ కిందో స్టిక్కర్ మీద ఉంటుంది, కానీ 18 ఏళ్ల ఎండ తిన్న మీ కారు రంగు ఆ కోడుతో అచ్చంగా కలవదు. అట్టముక్క మీద కొట్టి, ఆరాక పగటి వెలుతురులో కారు పక్కన పెట్టి చూడండి. మచ్చ చుట్టూ టేపు గట్టిగా అంటించి కొడితే ఆ గీత జీవితాంతం కనిపిస్తుంది, టేపు అంచును వెనక్కి మడిచి పెడితే రంగు క్రమంగా పల్చబడుతుంది. స్ప్రే డబ్బా 20, 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ప్యానెల్ బయట నొక్కడం మొదలుపెట్టి బయటే ఆపండి. పొరకూ పొరకూ మధ్య 10, 15 నిమిషాలు. క్లియర్ కోటును, అంటే రంగు మీద వేసే పారదర్శక పొరను, మచ్చ వరకే ఆపకుండా బాడీ మీద మడత గీత ఎక్కడుందో అక్కడిదాకా తీసుకెళ్తే తేడా కంటికి దొరకదు.

ఒక్క విషయం గట్టిగా చెప్తున్నాను. రెండు భాగాలు కలిసే క్లియర్ కోటు డబ్బాలు, అంటే అడుగున మీట నొక్కి కలిపేవి, చాలా గట్టిగా ఉంటాయి నిజమే, కానీ వాటిలో ఐసోసయనేట్లు ఉంటాయి. మామూలు దుమ్ము మాస్కు వాటిని ఆపదు, ఊపిరితిత్తులకు ఆస్తమా తెచ్చిపెట్టగలవు. దానికి బయటి గాలి అందించే మాస్కు కావాలి. అది లేకపోతే ఒక భాగం క్లియర్ కోటుతో సరిపెట్టుకోండి, లేదా పుట్టీ, ప్రైమర్ దాకా మీరు చేసి రంగు పని ఒక్కటీ బయట ఇవ్వండి. కారంతా పెయింట్ వేయించడం కన్నా అది చాలా తక్కువలో అయిపోతుంది.

బంపర్ గీతల గురించి పెద్దగా ఆలోచించకండి, అది ప్లాస్టిక్, తుప్పు పట్టదు, చివర్లో చూసుకోవచ్చు. వాటిలో సగం గీతలే కావు, స్తంభం రంగు అంటుకున్న మరకలు, రబ్బింగ్ కాంపౌండ్‌తో తుడిస్తే పోతాయి. గోరు అడ్డంగా గీసినప్పుడు ఆగకపోతే పాలిష్‌కే పోయే గీత. అయితే రుద్దే ముందు కనిపించని చోట పాలిష్ వేసి చూడండి, గుడ్డకు కారు రంగు అంటితే క్లియర్ కోటు లేని పాత రకం పెయింట్, జాగ్రత్తగా రుద్దాలి. క్లియర్ ఉన్నా దాని మందం 40, 50 మైక్రాన్లే, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గోరు ఆగేంత లోతు గీతకు ప్లాస్టిక్ కోసం చేసిన వంగే పుట్టీ, దాని మీద ప్లాస్టిక్‌కు పట్టునిచ్చే ప్రైమర్ వాడాలి, మామూలు పుట్టీ బంపర్ మీద పగిలిపోతుంది.

అంతా అయ్యాక డిక్కీ తలుపు కింది అంచులోనూ, వెనక తలుపుల అడుగునా నీళ్లు పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి, వాటిని సన్నటి పుల్లతో తెరవండి. ప్లేట్ బిగించాక లైటు వెలిగించి చీకట్లో వెనక నిలబడి చూడండి, స్క్రూ తల ఏ అక్షరాన్నీ మరో అక్షరంలా కనిపించేలా చేయకూడదు. తర్వాత ఒకరిని ప్లేట్ మీద రెండు నిమిషాలు నీళ్లు పోయమని చెప్పి, లోపలి కవర్ ఇంకా పెట్టకుండానే టార్చ్‌తో ఆ నట్ల వెనక చూడండి. చుక్క కూడా రాకపోతే కవర్ పెట్టేయండి. వస్తే నట్టు తీసి అంచు చుట్టూ కొంచెం సీలెంట్ రాసి మళ్లీ పెట్టండి.